వాల్‌ఐ కోసం క్రాంక్‌బైట్: లైను చివర ఏం కట్టాలి, ఏం తీసేయాలి

మీరు రాసినదాన్ని కుదించి చెబితే ఇదీ సంగతి. అమెరికాలోని టొలీడో వైపు నుంచి పడవ దించి ఈరీ సరస్సు పశ్చిమ భాగంలో వాల్‌ఐ చేపల కోసం డీప్ డైవింగ్ క్రాంక్‌బైట్లు, అంటే పెదవి సాయంతో లోతుకు దిగే చేప ఆకారపు ఎరలు, కదిలే పడవ వెనక లాగుతున్నారు (దీన్నే ట్రోలింగ్ అంటారు). లైను 30 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్, అంటే పోగులు అల్లిన దారం. దాని చివర బారెల్ స్వివెల్‌తో (గిరగిరా తిరిగే కీలుతో) కలిసి వచ్చే పెద్ద స్నాప్ (తెరిచి మూసే తీగ కొక్కెం), ఆ స్నాప్‌కు ఎర. పక్క పడవవాళ్లు అదే ఎర, అదే రంగుతో వాల్‌ఐలు పడుతున్నారు. మీకు రోజంతా కలిపి ఒకటో రెండో తగులుతున్నాయి, వాటిలో సగం పడవ దాకా వచ్చి ఊడిపోతున్నాయి. కొత్త రంగులు కొనాలా, లైను మార్చాలా, ముందు సీసం బరువు కలపాలా అని అడిగారు.

రంగుల కోసం ఇప్పుడే డబ్బు పెట్టకండి. లైను కూడా ఉండనివ్వండి. మీ తేడా అంతా ఎర ముక్కు దగ్గరున్న ఆ రెండంగుళాల లోహంలోనూ, ఎర కింద వేలాడే ముళ్లలోనూ ఉంది.

ముందు ముక్కు సంగతి. క్రాంక్‌బైట్ ముందుకు కదులుతుంటే దాని ప్లాస్టిక్ పెదవి మీద నీరు ఒత్తుతుంది. ఆ ఒత్తిడికి ఎర తల కిందికి వంచి దిగుతూ, అటూ ఇటూ ఊగుతుంది. ఊగేటప్పుడు అది తిరిగే ఇరుసు ముక్కు మీదున్న చిన్న తీగ కన్ను. ఆ కన్నుకు తగిలించిన బరువంతా ఊపును అణిచేస్తుంది. మూడంగుళాల ఎరకు బరువైన ఇత్తడి స్వివెల్, దాని కింద పెద్ద స్నాప్ తగిలిస్తే, పరుగు పందెంలోకి దిగేవాడి కాలికి రాయి కట్టినట్టే. ఎర కదులుతుంది, దిగుతుంది కూడా. కానీ తయారు చేసినవాడు ఇచ్చిన ఊపు అందులో ఉండదు.

వాల్‌ఐ దగ్గర ఈ ఊపుకు విలువ ఎక్కువ. దాని కంటి వెనక కాంతిని తిప్పి కొట్టే పొర ఉంటుంది, అందుకే మసక వెలుతురులో బాగా చూస్తుంది. రాత్రి టార్చి వేస్తే కళ్లు మెరిసేది కూడా ఆ పొర వల్లనే. అయినా ఈరీ పశ్చిమ భాగం సగటు లోతు 24 అడుగులే. ఒక పూట గట్టిగా గాలి వీస్తే అడుగున ఉన్న ఒండ్రు లేచి నీళ్లు టీ రంగులోకి మారతాయి. అలాంటి రోజుల్లో చేప ఎరను ముందు పక్కరేఖతో, అంటే ఒంటి పక్కన ఉండే స్పర్శ గీతతో పసిగడుతుంది. కంటితో చూసేది ఆఖరి క్షణంలోనే. ఊపు తగ్గిన ఎర దాని లెక్కలో దూరం నుంచి పెద్దగా ఏమీ చెప్పదు.

అందుకని స్నాప్-స్వివెల్ తీసేసి, స్వివెల్ లేని ఒంటరి స్నాప్ పెట్టండి. డ్యువోలాక్ అని అమ్మే రకం చాలు. ఎంచుకునేటప్పుడు చూడవలసినది దాని కింది వంపు. అది గుండ్రంగా, విశాలంగా ఉండాలి. కొన్ని స్నాప్‌ల అడుగు సన్నగా, కోణంగా ముగుస్తుంది. ఎర కన్ను ఆ మూలలోకి జారి ఒక పక్కకు ఇరుక్కుంటుంది, ఎర ఆ పక్కకే లాగుతుంది. గుండ్రని వంపులో కన్ను స్వేచ్ఛగా దొర్లుతుంది, ప్రతి ఊపు తర్వాతా మధ్యకు వచ్చి నిలుస్తుంది. సైజు విషయంలో అందరూ పెద్దదానికే మొగ్గు చూపుతారు, చేప పెద్దదని భయం. నిజానికి పది పౌండ్ల వాల్‌ఐ కోసం కూడా చిటికెన వేలి గోరు కంటే పొడవైన స్నాప్ అక్కర్లేదు. చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు తెరిచి మూయగలిగినంత ఉంటే సరి. చౌక స్నాప్‌ల తీగ మెత్తగా ఉంటుంది, నాలుగుసార్లు తెరిస్తే నోరు సాగిపోతుంది. కొక్కెం గట్టిగా పట్టనిది ఏదైనా అక్కడికక్కడే పారేయండి.

కొన్ని ఎరలు ముక్కుకు స్ప్లిట్ రింగ్‌తో (తాళంచెవుల రింగులాంటి చిన్న తీగ ఉంగరంతో) వస్తాయి, కొన్ని రావు. రింగ్ ఉంటే దాన్ని తీసేసి స్నాప్‌ను నేరుగా కన్నుకే తగిలించండి. రింగు మీద మళ్లీ స్నాప్ అంటే రెండు లోహాలు. ఏదో ఒకటే ఉండాలి. స్నాప్ అసలు వద్దనుకునేవాళ్లు కన్నుకు వదులు ఉచ్చు ముడి వేస్తారు, ఎర ఇంకా బాగా ఊగుతుంది. కానీ గంటకోసారి ఎర మార్చే ట్రోలింగ్‌లో ప్రతిసారీ ముడి వేయడం విసుగు. ఎరను విసిరి లాగే కాస్టింగ్‌కు అది బాగుంటుంది. ఒకటి మాత్రం చేయకండి: స్ప్లిట్ రింగ్‌కు నేరుగా లైను కట్టడం. ముడి జారి రింగు చివరల సందులోకి వెళ్తుంది. అక్కడి అంచు లైనును మెల్లగా కోస్తుంది, ఎప్పుడు తెగిందో తెలియదు.

స్వివెల్ లేకపోతే లైను మెలిపడదా అని మీరు అడుగుతారని తెలుసు. సరిగ్గా నడిచే క్రాంక్‌బైట్ గిరగిరా తిరగదు. తిరిగేవి స్పూన్లు, స్పిన్నర్లు వంటి రేకు ఎరలు, వానపాము కట్టే హార్నెస్‌లు. వాటికి స్వివెల్ తప్పనిసరి. క్రాంక్‌బైట్ లాగుతున్నా లైను మెలిపడుతోందంటే ఎర వంకరగా నడుస్తోందని అర్థం. స్వివెల్ పెడితే ఆ లక్షణం కనబడకుండా పోతుంది, రోగం అలాగే ఉంటుంది.

వంకర సరిచేయడం మీరు తప్పక నేర్చుకోవాలి. పెట్టెలోంచి తీసిన కొత్త ఎర తిన్నగా నడుస్తుందన్న భరోసా ఏ కంపెనీ ఎరకూ లేదు. పడవ మీ మామూలు ట్రోలింగ్ వేగంలో ఉండగా, రాడ్ కొన నుంచి ఆరేడు అడుగుల లైను వదిలి ఎరను పడవ పక్కనే లాగి చూడండి. అది తిన్నగా కిందికి దిగాలి. కుడికి పడిపోతుంటే, వెనక నుంచి చూస్తూ ముక్కు కన్నును సన్నమూతి శ్రావణంతో ఎడమకు వెంట్రుకవాసి వంచండి. ఎడమకు పడితే కుడికి. కంటికి కనిపించేంత వంచారంటే ఎక్కువైనట్టే. మళ్లీ లాగి చూడండి. నెమ్మదిగా లాగినప్పుడు తిన్నగా ఉండి, వేగం పెంచగానే పక్కకు పడిపోయే ఎరలు ఉంటాయి. వేసవిలో గంటకు రెండు, రెండున్నర మైళ్ల వేగంతో లాగేవాళ్లు ఆ వేగంలోనే పరీక్షించాలి. వసంతంలో చల్లటి నీళ్లలో మైలు, మైలున్నర వేగంతో లాగేటప్పుడు ఇంత పట్టింపు అక్కర్లేదు.

ఇప్పుడు లైను. మీ 30 పౌండ్ల బ్రెయిడ్ మందం సుమారు 0.28 మిల్లీమీటర్లు. పక్క పడవవాళ్లు వాడుతున్న 10 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్ లైను) మందం కూడా దాదాపు అంతే. ఒకే పొడవు లైను వదిలినప్పుడు ఒకే ఎర ఎంత లోతుకు దిగుతుందో నిర్ణయించేది లైను మందమే, కాబట్టి మీ ఎర, వాళ్ల ఎర దరిదాపు ఒకే లోతులో ఉన్నాయి. ప్రెసిషన్ ట్రోలింగ్ డేటా అనే యాప్‌లో ఏ ఎర ఎన్ని అడుగుల లైనుకు ఎంత లోతు దిగుతుందో గీతలు గీసి ఇస్తారు. 10 పౌండ్ల మోనోకు ఇచ్చిన గీతను మీరు నిస్సంకోచంగా వాడుకోవచ్చు. 10 పౌండ్ల బ్రెయిడ్‌కు మారితే మందం సగానికి పడి ఎర ఇంకా లోతుకు పోతుంది. ఇరవై నాలుగు అడుగుల సరస్సులో ఆ అదనపు లోతుతో మీకు పనేముంది? అడుగున మసెల్ చిప్పలు గీరుకుని లైను పాడవడం తప్ప. నడిమి భాగంలో, క్లీవ్‌ల్యాండ్ ఎదుట అరవై అడుగుల నీళ్లకు వెళ్లినప్పుడు సన్న బ్రెయిడ్ గురించి ఆలోచించండి. లైను కౌంటర్ ఉన్న రీలైతే దాన్ని నిండా చుట్టాకే లెక్క నమ్మండి. సగం ఖాళీ అయిన స్పూల్ చెప్పే అడుగులు అసలు అడుగులు కావు.

బ్రెయిడ్‌కు చివర ఫ్లోరోకార్బన్ లీడర్, అంటే ఎరకు ముందు ఉండే వేరే రకం పారదర్శక లైను ముక్క, కట్టండి, 10 లేదా 12 పౌండ్లది, నాలుగు నుంచి ఆరు అడుగుల పొడవు. దీనికి చాలామంది చెప్పే కారణం నీళ్లలో కనిపించదని. 1980ల చివర్లో జీబ్రా మసెల్స్ అనే, నీళ్లను వడకట్టే చిప్పజీవులు వచ్చిన తర్వాత ఈరీ నీళ్లు తేటపడ్డాయి, ఎండ రోజున ఆ మాట నిజమే. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన కారణం వేరే ఉంది. బ్రెయిడ్ మెత్తటి దారం. లైను వదిలేటప్పుడో, మలుపులో ఎర నెమ్మదించినప్పుడో అది వెనక్కి పడి ఎర ముందున్న ట్రెబుల్ హుక్ (మూడు మొనల ముల్లు) చుట్టూ చుట్టుకుంటుంది. ఫ్లోరోకార్బన్ కాస్త బిరుసు, ఎర మీదికి పడదు. ఎర చిక్కుపడి ఊరికే లాక్కెళ్లిన అరగంటలో చేప పడదు కదా.

లీడర్‌ను బ్రెయిడ్‌కు కలపడానికి రెండు దారులు. ఒకటి నేరుగా ముడి, రెండు యూని ముడులు ఎదురెదురుగా బిగించేది. ఇది గైడ్లలోంచి (రాడ్ మీద లైను పోయే రింగుల్లోంచి) జారిపోతుంది, కాస్టింగ్‌కు ఇదే కావాలి. రెండోది చిన్న స్వివెల్‌తో కలపడం. అవును, ఇంతసేపూ స్వివెల్‌ను తిట్టి ఇప్పుడు పెట్టమంటున్నాను. ఎరకు నాలుగు అడుగుల ముందు అది ఊపుకు అడ్డం రాదు, పైగా ఒక ఉపకారం చేస్తుంది. వేసవి మధ్య నుంచి ఈరీలో తెగిన నాచు, గడ్డి పోగులు నీళ్లలో తేలుతూ లైను వెంట జారి ఎర పెదవి మీద పేరుకుంటాయి. ఒక్క గడ్డిపోగు చాలు ఎర ఊపు ఆగిపోవడానికి. మధ్యలో స్వివెల్ ఉంటే ఆ చెత్త చాలావరకు అక్కడే ఆగుతుంది. సైజు మాత్రం మీకు దొరికిన వాటిలో చిన్నదే. అది రాడ్ కొన గైడ్‌లోంచి పోదు కనుక లీడర్ పొడవు రాడ్ పొడవును మించకూడదు, లేకపోతే వలలోకి చేపను తెచ్చుకోలేరు.

ముడుల గురించి ఒక్క మాట. బ్రెయిడ్‌కు మామూలు క్లించ్ ముడి జారుతుంది. పాలోమార్ ముడి వేయండి. ఫ్లోరోకార్బన్‌కు ఇంప్రూవ్డ్ క్లించ్ సరిపోతుంది, బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి అది తెల్లబడి బలం పోతుంది. స్నాప్ దగ్గరి రెండడుగుల లీడర్‌ను వేళ్ల మధ్య జార్చి చూస్తుండండి, గరుకు తగిలితే కోసి మళ్లీ కట్టాలి.

పదునైన పళ్లుండే పైక్ చేపలు ఎక్కువగా ఉన్న చోట, ఉదాహరణకు మిన్నెసోటా సరస్సుల్లో కలుపు అంచున లాగేటప్పుడు, మొత్తం లీడరే తెగి ఎర పోతుంది. అక్కడ సన్నటి తీగ లీడర్ పెట్టుకోక తప్పదు, ఊపు కొంత పోయినా సరే. మీరు లాగే చోట ఆ బెడద తక్కువ.

ఇక పడవ దగ్గర ఊడిపోవడం. ఇది ముళ్ల పని. వాల్‌ఐ నోటి పైభాగం ఎముక, పక్కల పలచటి పొర. మొండి ముల్లు ఎముకలోకి దిగదు. పొరలో గుచ్చుకున్నది లాగేకొద్దీ రంధ్రం పెద్దది చేసుకుంటుంది, లైను ఒక్క క్షణం వదులైతే జారిపోతుంది. మీరు ఫ్యాక్టరీ ముళ్లే వాడుతున్నానన్నారు. అవి కొత్తలో పదునుగానే ఉండవచ్చు, కానీ పెట్టెలో ఒకదానికొకటి రాసుకుని, తడిసి, తుప్పు పట్టి మొండిబారతాయి. ముల్లు మొనను బొటనవేలి గోరు మీద బరువు పెట్టకుండా ఆనించి లాగండి. గోరు మీద గీత గీస్తూ పట్టుకుంటే పదునుంది. జారిపోతే లేదు. మూడు మొనలనూ విడివిడిగా చూడాలి, ఎందుకంటే చేప ఏ మొన మీద పడుతుందో మీ చేతిలో లేదు. ఆకురాయితో పదును పెట్టవచ్చు గానీ, రసాయనంతో పదునుపెట్టిన నేటి ముళ్లకు ఆకురాయి పెడితే పైపూత పోయి త్వరగా తుప్పు పడుతుంది. మార్చేయడమే నయం. విఎంసి, మస్టాడ్, గామకాట్సు, ఓనర్, ఏ కంపెనీదైనా పర్వాలేదు.

సైజు ఎంచుకోవడంలో కొత్తవాళ్లు తికమక పడేది అంకెల దగ్గర. ట్రెబుల్ హుక్‌లో అంకె పెరిగితే ముల్లు చిన్నదవుతుంది, 4 కంటే 6 చిన్నది. మీ ఎరకు 6 వచ్చి ఉంటే ముందు ట్రెబుల్ మాత్రం 4 పెట్టి చూడండి, ముల్లు వంపు వెడల్పు పెరిగి పట్టు బాగుంటుంది. పెట్టిన వెంటనే ఎరను చేతిలో పట్టుకుని ముందు ట్రెబుల్‌ను వెనక్కి, వెనక ట్రెబుల్‌ను ముందుకు ఊపి చూడండి. రెండూ ఒకదాన్నొకటి అందుకుంటే నీళ్లలో పెనవేసుకుంటాయి, ఆ సైజు ఆ ఎరకు పనికిరాదు. స్ప్లిట్ రింగ్ కూడా అలాగే. మరీ చిన్నదైతే ట్రెబుల్ బిగుసుకుని ఊగదు, చేప తల విదిలించినప్పుడు ముల్లు మీట పెట్టినట్టు ఊడుతుంది. మరీ పెద్దదైతే ముల్లు ఎర వీపు మీదికి ఎక్కి కూర్చుంటుంది.

మరీ సన్న తీగ ముళ్లు కూడా ఈరీలో వద్దు. వాల్‌ఐకి అవి చాలు. కానీ ఇక్కడ షీప్‌హెడ్ అనే మొండి చేప మీ ఎరను మీకంటే ఎక్కువగా ప్రేమిస్తుంది. ఒక పెద్దది పడిందంటే సన్న ట్రెబుల్ మూడు కొమ్ముల్లో ఒకటి నిఠారుగా సాగుతుంది. దాన్ని శ్రావణంతో వెనక్కి వంచి మళ్లీ వాడేవాళ్లను చూస్తుంటాను. ఒకసారి సాగిన తీగ రెండోసారి ఇంకా తేలిగ్గా సాగుతుంది, రెండోసారి పడేది వాల్‌ఐ కావచ్చు.

ముళ్లు మార్చేటప్పుడు నీటిలో నిలబడే ఎరలతో జాగ్రత్త. హస్కీ జెర్క్ వంటివి లాగడం ఆపితే తేలకుండా, మునగకుండా ఉన్నచోటే ఆగేలా తూచి చేసినవి. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో ఈరీ ఒడ్డునున్న హ్యూరన్, క్లీవ్‌ల్యాండ్ పట్టణాల రేవుగోడల మీద నిలబడి విసిరేవాళ్లకు ఆ ఆగడమే ప్రాణం, చేప పడేది చాలావరకు అప్పుడే. ఒక సైజు పెద్ద ట్రెబుల్ రెండు వేస్తే ఎర ముక్కు దించి మునగడం మొదలుపెడుతుంది. మార్చాక నీళ్లలో పరీక్షించాలి, ఇంట్లో గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో కాదు. చల్లటి నీటి సాంద్రత ఎక్కువ, తొట్టిలో కచ్చితంగా నిలిచిన ఎర నవంబరు సరస్సులో మెల్లగా పైకి తేలుతుంది. రేవు దగ్గరే ఒక బకెట్ సరస్సు నీళ్లు తీసుకుని చూసుకోండి. ట్రోలింగ్‌లో మీ ఎరలు తేలే రకం కాబట్టి ఈ పట్టింపు ఉండదు.

ముళ్లు బాగున్నా చేప ఊడుతుంటే రాడ్‌ను, డ్రాగ్‌ను (చేప లాగినప్పుడు రీలు లైను వదిలే బిగువును) చూడండి. బ్రెయిడ్ సాగదు. మోనో వాడేవాళ్లకు వంద అడుగుల లైను రబ్బరులా సాగి తప్పులన్నీ కప్పిపుచ్చుతుంది, మీకా సదుపాయం లేదు. కాబట్టి రాడ్ మెత్తగా వంగేదై ఉండాలి, ఎనిమిది అడుగుల ఫైబర్‌గ్లాస్ రాడ్ మంచిది. బాస్ చేపల కోసం కొన్న బిరుసు రాడ్ కాదు. డ్రాగ్‌ను చేత్తో లైను లాగితే ఇబ్బంది లేకుండా వచ్చేంత వదులుగా పెట్టండి. చేప తగలగానే రాడ్ ఎత్తి కొట్టకండి, పడవ కదులుతూ ఉంటుంది కనుక ముల్లు దానంతటదే దిగి ఉంటుంది. ఇంజన్‌ను ఒక్కసారిగా ఆపడం చాలామంది చేసే పని. పడవ ఆగితే లైను వదులవుతుంది, ఎర పైకి తేలుతుంది, చేప తల విదిలిస్తుంది. వేగం కాస్త తగ్గించి కదులుతూనే తీసుకురండి. వల రబ్బరు పూతది కొనండి. నైలాన్ వలలో రెండు ట్రెబుల్స్ చిక్కుకుంటే విడిపించడానికి పట్టే సమయంలో మిగతా లైన్లు చూసేవాడుండడు.

ప్లానర్ బోర్డులు (లైనును పడవకు దూరంగా పక్కకు లాక్కెళ్లే తేలే పలకలు) వాడుతున్నానన్నారు కదా, దానికీ బ్రెయిడ్‌తో ఒక చిక్కుంది. మామూలు రబ్బరు క్లిప్పులో బ్రెయిడ్ జారిపోతుంది, బోర్డు లైను వెంట ఎర దాకా జారి ముక్కు దగ్గర గుద్దుకుంటుంది. మధ్యలో పిన్ను ఉన్న క్లిప్పు పెట్టి, లైను ఆ పిన్ను వెనకగా పోయేలా తొడగండి.

చివరి ప్రశ్న, సీసం బరువు. మీ లోతుకు మీ డీప్ డైవర్ ఒక్కటే అడుగు దాకా వెళ్తుంది, బరువు అక్కర్లేదు. అది ఉపయోగపడేది పెద్దగా దిగని చిన్న ఎరలను, షాడ్ ర్యాప్ లాంటివాటిని లోతుకు పంపాలనుకున్నప్పుడు. అప్పుడు కూడా బరువును ఎర ముందు కట్టేయకండి. స్నాప్ వెయిట్ అని క్లిప్పుతో వచ్చే రకం కొని, యాభై అడుగుల లైను వదిలాక దాన్ని తగిలించి, మరో యాభై అడుగులు వదలండి. చేపను తెచ్చేటప్పుడు క్లిప్పు చేతికి రాగానే ఊడదీస్తే మిగతా యాభై అడుగులు ఏ అడ్డూ లేకుండా వస్తాయి. ఒక ఔన్సుతో మొదలుపెట్టి, అడుగు తగులుతోందో లేదో రాడ్ కొన వణుకును బట్టి చూసుకోండి. కొన సన్నగా, ఒకే తీరుగా వణుకుతుంటే ఎర బాగా నడుస్తోంది. వణుకు ఆగిందంటే గడ్డి పట్టింది, వెంటనే తీసి చూడండి.